మోత ఆగిన సాయంత్రం

రోజూ పొద్దు వాలే వేళకు నది మీద వినిపించాల్సిన ఇంజను మోత ఆ రోజు మిట్టమధ్యాహ్నం వినిపించింది. వినిపించి ఊరుకోలేదు, దగ్గరయింది. దగ్గరై, స్పానరమ్మ షెడ్డు ముందున్న రేవులోనే ఆగింది. చేతిలో స్పానరు, అడుగు ముందుకు వెయ్యాలా వద్దా అన్న సందేహం. పోయిన వారం ఆమెను మనం సరిగ్గా ఆ స్థితిలోనే వదిలేసి వచ్చాం.

పడవ ఇంజన్లు బాగుచేసే ఆ షెడ్డు ఆమె తండ్రిది. ఆ మోత ఆమె భర్తది, అంటే ఆయన పడవది. రేవు దాటే జనమంతా ఆయన్ని సరంగు అంటారు. కొత్త ఇంజను విషయంలో మాటా మాటా పెరిగి, ఆయన బట్టల పెట్టె పడవలో పడేసుకుని అవతలి గట్టున అక్కగారింటికి వెళ్ళిపోయి మూడేళ్ళయింది. ఆ రోజు ఆమె గుమ్మంలోంచి కదలకుండా, "వెళ్ళేవాళ్ళకి అడ్డం పడే అలవాటు నాకు లేదు" అంది. ఆయన తాడు విప్పుకుని పోయాడు. అప్పట్నుంచీ ఈమె ఇటు, ఆయన అటు. రెండు పూటలూ జనాన్ని దాటించే మనిషికి తన భార్య ఉన్న రేవు మాత్రం దూరమైపోయింది. జనాన్ని దించడానికి పైనున్న బల్లకట్టు రేవుకే వెళ్తాడు తప్ప ఇటు మళ్ళడు.

స్పానరమ్మ స్పానరు బల్ల మీద పెట్టింది. చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకుంది. తుడిచిన చేతులతోనే జుట్టు సవరించుకుని, ఆ సవరించుకున్నందుకు తన మీద తనే విసుక్కుని, రేవులోకి దిగింది.

పడవలో సరంగు లేడు. ఇంజను పిడి పట్టుకుని ఆయన అక్కగారు నిలబడి ఉంది. అవతలి రేవులో టిక్కెట్లు చింపే మనిషి గనక ఊరంతటికీ ఆవిడ టిక్కెట్ల వదిన.

స్పానరమ్మకు కలిగిన నిరాశ ఇంతా అంతా కాదు. మొహంలో కనిపించనివ్వకూడదని పళ్ళు బిగబట్టింది గానీ, ఆడపడుచు కళ్ళకు కనిపించనిది ఏముంటుంది?

"నేనే వచ్చాను లే. అంత నీరసపడిపోకు, తాడు పట్టుకో" అంది వదిన.

"నీరసమేం లేదు. మీరు రావడమేంటా అని చూస్తున్నా."

"మీ ఆయన బస్సెక్కి నది మొగకి పోయాడు. ఇవాళ రేవు బంద్. వాడు రేపు సాయంత్రానికి గానీ రాడు. ఈలోపు నువ్వు దీని సంగతి చూడాలి." ఇంజను వైపు గడ్డంతో చూపించింది. "వాడికి తెలియకూడదు."

"ఊళ్ళో ఇంకో మెకానిక్కే లేడా వదినా?"

"ఉన్నారు. ముగ్గురు చూశారు. ముగ్గురూ ఒకటే మాట చెప్పారు. ఆ మాట మొదట చెప్పింది నువ్వేనటగా. అందుకే నీ దగ్గరికే తెచ్చా."

నది మొగ అంటే నది సముద్రంలో కలిసే చోటు. అక్కడి దీవికి మనుషుల్ని చేరవేసే పని సరంగుకు దొరికిందట. ఎల్లుండి నుంచి అక్కడే ఉంటాడట. అక్కడి నీళ్ళు ఇక్కడి నీళ్ళలా మర్యాదగా ఉండవు. ఆటుకూ పోటుకూ మధ్య నీటి లాగుడు ఎక్కువ, నడుమలో ఇంజను ఆగిందంటే అది పడవను రాళ్ళ కట్టడం మీదికి ఈడ్చి కొడుతుంది. వదిన ఇదంతా చెబుతున్నప్పుడు ఎప్పుడూ గలగలలాడే గొంతు బొంగురుపోయింది. భయపడితే ఆ గొంతు అలా ఉంటుందని స్పానరమ్మకు అప్పటిదాకా తెలియదు.

పడవ వెనక భాగాన్ని రేవు మెట్టుకు ఆనించి, ఇంజనును పైకి వంచి కట్టారు. స్పానరమ్మ కింద మోకాళ్ళ మీద కూర్చుంది.

పడవ వెనక తగిలించే ఇంజనుకు పైన ఉండేది బలం. ఆ బలాన్ని కిందికి దింపి, నీళ్ళలో ఫ్యానును తిప్పేది కింది గేరుబాక్సు. పైది ఎంత పెద్దదో కిందిది దానికి తగ్గట్టు ఉండాలి. చిన్న ఇంజనుకు చిన్న ఫ్యాను, దాన్ని నిదానంగా తిప్పే పళ్ళు. పెద్ద ఇంజనుకు పెద్ద ఫ్యాను, దాని బరువు మోసే గట్టి పళ్ళు. సరంగు మూడేళ్ళ కిందట పెద్ద ఇంజను తెచ్చి, పాత చిన్న ఇంజను కింది గేరుబాక్సునే దానికి బిగించాడు. ఒకే తయారీవాడి సరుకు కావడంతో బోల్టు రంధ్రాలు సరిగ్గా కలిశాయి. అక్కడే వచ్చింది చిక్కంతా. కింద తగిన బరువు లేక పై ఇంజను అతివేగంగా తిరిగి గోలపెట్టేది. "పైన మారితే కింద కూడా మారాలి" అని ఈమె అంటే, "బోల్టులు పట్టాయి కదా, ఇంకేం కావాలి నీకు?" అని ఆయన నలుగురిలో నవ్వాడు. ఆ నవ్వు ఈమెకు తల కొట్టేసినట్టయింది.

ఆమె కింది బిరడా విప్పింది. గేరాయిలు పళ్ళెంలోకి కారింది. బిరడా చివర ఉన్న చిన్న అయస్కాంతాన్ని గుడ్డతో తుడిచి ఎండలో పట్టి చూసింది. తళతళలాడే ఇనుప రజను. దాని మధ్య, గోటి కొన అంత ముక్క ఒకటి.

"ఏంటది?" అంది వదిన.

"పన్ను. గేరు పన్ను విరిగి పడింది." మళ్ళీ తనే, "ఒకటి విరిగిందంటే పక్కది కూడా బీటలిచ్చే ఉంటుంది. ఇవాళో రేపో మొత్తం ఊడుతుంది. అప్పుడు పైన ఇంజను చెవులు చిల్లులు పడేలా అరుస్తూనే ఉంటుంది, కింద ఫ్యాను తిరగదు. మొగలో గనక అది జరిగితే..." అని ఆగిపోయింది.

వదిన మెట్టు మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

భయం ఎక్కువైనప్పుడు కోపంగా మారడం స్పానరమ్మకు పుట్టుకతో వచ్చింది. ఆ ముక్కను వేళ్ళ మధ్య పట్టుకుని లేచింది.

"పొగరు వదినా! మీ తమ్ముడికి ఒళ్ళంతా పొగరు! నేను చెప్పానని మార్చలేదు. ఇంకెవరు చెప్పినా మార్చేవారు. పెళ్ళాం మాట వింటే కిరీటం పడిపోతుంది కదా! పడవలో పిల్లలు ఎక్కుతారే, ముసలివాళ్ళు ఎక్కుతారే, వాళ్ళ సంగతేంటి? పోనీ తన ప్రాణం సంగతేంటి? నేనంటే అంత..."

"మొదటి ఏడాది పొగరే" అంది వదిన, నెమ్మదిగా.

"తర్వాతో?"

వదిన చెప్పకూడని మాటను తీసుకొచ్చి చెప్పడానికే పడవెక్కిన మనిషిలా, నీళ్ళవైపు తిరిగింది.

"ఒట్టేయించుకున్నాడు, నీకు చెప్పొద్దని. ఒట్టు గట్టున పెట్టి చెబుతున్నా. రెండో ఏడు నేనే పోరు పెట్టా. కింది బాక్సు మార్చరా, ఆ గోలకి అవతల పిల్లలు నిద్ర లేచిపోతున్నారు అని. వాడేమన్నాడో తెలుసా? 'సప్పుడు లేకుండా పోతే ఆ షెడ్డు ముందు నుంచి ఎవరు పోయారో దానికెలా తెలుస్తుందక్కా?' అన్నాడు."

స్పానరమ్మ చేతిలోని ముక్క కింద పడింది. ఏరలేదు.

"నీ షెడ్డు ముందుకొచ్చాక ఇంజను రేజు ఇంకాస్త పెంచుతాడు. ఎప్పుడైనా గమనించావా?"

గమనించకపోవడమేమిటి! మూడేళ్ళుగా ప్రతి సాయంత్రం తన షెడ్డు ముందుకు రాగానే ఆ మోత రెట్టింపయ్యేది. తనను ఉడికించడానికే, తన మాట చెల్లలేదని ఊరంతా వినేలా చాటడానికే అలా చేస్తున్నాడని ఆమె అనుకుంది. ప్రతి సాయంత్రం తిట్టుకుంది. తిట్టుకుంటూనే గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

"నువ్వేమో గుమ్మంలోకొచ్చి గుడ్డ దులుపుతావట కదా? అది చూశాకే వాడు రేజు తగ్గించేది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని ఉన్నట్టుండి నవ్వాడు. ఏంట్రా అంటే, 'రోజూ దులపడానికి అంత దుమ్ము ఎక్కడి నుంచి తెస్తుందే అది' అన్నాడు. నవ్వినవాడు నవ్వినట్టే లేచిపోయాడు. ఆ పూట తినలేదు."

స్పానరమ్మకు సిగ్గు ముంచుకొచ్చింది. ఆ వెనకే ఏడుపు వచ్చింది. మూడేళ్ళుగా ఎవరికీ తెలియదనుకుని దాచుకున్న గుడ్డ దులపడం ఎదుటి గట్టు దాకా తెలిసిపోయిందన్న సిగ్గు. తాను కనిపించడం కోసం ఆయన రోజూ కళ్ళతో వెతుక్కున్నాడన్న ఏడుపు. ఆయన్ని ఎంతగా కోరుకుంటోందో అంత స్పష్టంగా ఆమెకు ఎప్పుడూ తెలియలేదు. రోజులో మిగతా భాగమంతా ఆ ఒక్క మోత కోసమే గడుపుతూ వచ్చింది. కోపం పేరుతో కావడం వల్ల ఆ సంగతి ఒప్పుకోవాల్సిన అవసరం పడలేదు, అంతే.

"ఇప్పుడేం చేద్దాం?" అంది వదిన. "దీనికి తగ్గది ఎక్కడైనా దొరుకుతుందా? రేపటికల్లా?"

స్పానరమ్మ షెడ్డులోకి నడిచింది. వెనక మూల, పనికిరాని సైలెన్సర్ల వెనక టార్పాలిన్ కప్పి ఒక ఆకారం ఉంది. టార్పాలిన్ లాగింది. చెక్క చట్రంలో నిలబెట్టి, పెద్ద ఇంజనుకు సరిపోయే కింది గేరుబాక్సు. పక్కనే గోనెపట్టాలో చుట్టిన పెద్ద ఫ్యాను.

వదిన గుడ్లప్పగించి చూసింది. వంగి షాఫ్టు మీద వేలు రాసింది. వేలికి గ్రీజు అంటింది, తాజా గ్రీజు.

"ఇదెప్పటిది?"

"ఆయన పెద్ద ఇంజను తెస్తున్నారని తెలిసిన వారానికే తెప్పించా. తెచ్చిన రోజు చూపిద్దామనుకున్నా. ఈలోపు గొడవ."

"మూడేళ్ళుగా దీనికి గ్రీజు పూస్తున్నావా?"

"చిలుము పడుతుంది కదా."

"ఎవరికైనా అమ్మేయొచ్చు కదా?"

స్పానరమ్మ పెదవి కొరుక్కుంది. "అడిగారు. కుదరదన్నా."

వదిన నడుం మీద చేతులు పెట్టుకుని, ఆ గేరుబాక్సు వైపూ రేవులోని పడవ వైపూ మార్చి మార్చి చూసింది. "కుదరని దాన్ని వాడక్కడ అరిపించుకుంటూ తిరుగుతాడు. కుదిరేదాన్ని నువ్విక్కడ దాచుకుని నూనె రాస్తావు. మీ ఇద్దర్నీ కలిపి కట్టి ఆ నదిలో ముంచి తియ్యాలి అమ్మాయ్. అప్పటికైనా బుద్ధి వస్తుందో రాదో!"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతుండగానే స్పానరమ్మ బల్ల పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చుండిపోయింది.

ఇది బిగిస్తే మోత ఉండదు. రేపు సాయంత్రం ఆ పడవ షెడ్డు ముందు నుంచి పోయినా ఆమెకు వినపడదు. ఎల్లుండి నుంచి ఆయన ఈ నది మీదే ఉండడు. మూడేళ్ళ ఎడబాటులో వాళ్ళకు మిగిలింది ఆ ఒక్క చప్పుడే. అదీ తన చేత్తో తనే తీసెయ్యాలి. తియ్యకపోతే పన్ను ఊడుతుంది, మొగలో పడవ తిరగబడుతుంది. ఆలోచించడానికి ఏమీ లేదని ఆమెకు తెలుసు. అయినా డబ్బా మీదే కూర్చుంది.

"నీకు ఇష్టం లేకపోతే వద్దులే" అంది వదిన, ఆ మాట నిజంగా అనలేక.

"ఇష్టం సంగతి ఎవరడిగారు? ఆ గొలుసు కప్పీ ఇటు లాగండి."

గేరు మార్చే కడ్డీని విడదీసింది. మూడేళ్ళ ఉప్పూ తుప్పూ పట్టిన బోల్టులకు నూనె పోసి, ఒక్కొక్కదాన్నే బతిమాలినట్టు విప్పింది. పాతది కిందికి జారి ఒళ్ళోకి వచ్చింది. పెళ్ళయిన కొత్తలో దాన్ని వాళ్ళిద్దరూ కలిసే కూర్చారు. ఆయనకు పని రాదు, పక్కన కూర్చుని వాషర్లు అందించడం మాత్రం వచ్చు. ప్రతిసారీ తప్పుది అందించి, ఆమె తలెత్తి చూస్తే నవ్వేవాడు. తప్పుది కావాలనే ఇచ్చేవాడని ఆమెకు చాలా తర్వాత అర్థమైంది. ఆమె పాతదాన్ని బల్ల మీద గుడ్డ పరిచి దాని మీద పడుకోబెట్టింది.

కొత్తది ఎక్కించే ముందు అలవాటు కొద్దీ సుద్దముక్కతో గుర్తు పెట్టి పై షాఫ్టును చేత్తో తిప్పింది. పాతదానిలో పైన రెండు చుట్ల పైచిలుకు తిరిగితే గానీ కింద ఒక్క చుట్టు తిరిగేది కాదు. దీనిలో పైన రెండు చుట్లు పూర్తవకముందే గుర్తు మళ్ళీ పైకొచ్చింది. పళ్ళు ఎక్కడా గరగరలాడలేదు. నీళ్ళ పంపులో రబ్బరు చక్రం కూడా మార్చి, కొత్త ఆయిలు పోసి, షాఫ్టును పైకి నెట్టింది. కాస్త అటూ ఇటూ ఆడించగానే టక్కుమని కూర్చుంది. పెద్ద ఫ్యాను తగిలించింది.

వదిన తాడు లాగింది. ఇంజను అందుకుంది.

అరుపు లేదు, కేక లేదు. లోపల్నుంచి వచ్చే నిండైన, నిదానమైన చప్పుడు. వదిన రేజు కొద్దిగా పెంచగానే పడవ ముందుకు ఉరికి, కట్టిన తాడు బిగుసుకుంది. మూడేళ్ళ కిందట ఆమె ఏం చెప్పిందో అదే జరిగింది. తన మాటే నెగ్గింది. ఆ నెగ్గడం ఆమెకు రవ్వంతైనా సంతోషం ఇవ్వలేదు.

"వాడేమైనా అంటే ఏం చెప్పను?"

"మీరేం చెప్పక్కర్లేదు. తాడు లాగగానే ఆయనకే తెలుస్తుంది."

పడవ వెళ్ళింది. ఆమె చెవులు రిక్కించి నిలబడింది. నది సగం దాటకముందే ఇంజను చప్పుడు అలల చప్పుడులో కలిసిపోయింది.

మర్నాడు ఆమె పెద్దగా పని ముట్టుకోలేదు. ముట్టుకున్న పనీ సాగలేదు. ఎవరో తెచ్చిన కార్బొరేటరు విప్పి, బిగించి, మళ్ళీ విప్పింది. బస్సు వచ్చే వేళయింది. పొద్దు వాలింది. ఆ మోత వినిపించాల్సిన వేళ వచ్చి, వెళ్ళిపోయింది. ఆమె గుడ్డ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఎండ కళ్ళల్లో పడుతోంది, నీళ్ళ మీద ఏదీ ఆనడం లేదు. వెళ్ళిపోయాడేమో. నేరుగా మొగకే పోయాడేమో. తన ముందు నుంచే పోయినా తనకు వినపడి ఉండదు. గుడ్డ దులపకుండానే లోపలికి వచ్చి, బల్ల మీదున్న పాత గేరుబాక్సు పక్కన కూర్చుని, దాని మీద చెయ్యి వేసింది. అప్పుడిక ఆపుకోలేదు. బాగా ఏడ్చింది.

రేవు మెట్ల మీద తాడు పడిన చప్పుడైంది.

తలెత్తేసరికి గుమ్మంలో ఆయన ఉన్నాడు. మూడేళ్ళుగా నది వెడల్పు దూరం నుంచి చూసిన మనిషి ఇప్పుడు నాలుగడుగుల్లో ఉన్నాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. చొక్కాకు పై గుండీ లేదు. ఆ గుండీ ఎవరైనా కుట్టి ఉండొచ్చు కదా అని ఆమెకు ఊరికే కోపం వచ్చింది.

"ఇవాళ గుడ్డ దులపలేదేం?" అన్నాడు.

"దుమ్ము లేదు" అంది.

ఆయన చూపు బల్ల మీది గేరుబాక్సు మీదికి, దాని మీదున్న ఆమె చేతి మీదికి పోయింది. "అది నాది. తీసుకెళ్దామని వచ్చా."

"పళ్ళు విరిగిందాన్ని ఏం చేసుకుంటారు?"

ఆమె కళ్ళు తుడుచుకుని ఆయన భుజం మీదుగా రేవులోకి చూసింది. పడవ ముందు భాగంలో తాడుతో బిగించి కట్టిన బట్టల పెట్టె కనిపించింది. మూడేళ్ళ కిందట ఈ గుమ్మం దాటి పోయిన పెట్టే.

"ఆ పెట్టె ఎటు?" అంది.

"పడవని ఎక్కించుకోవడానికి మొగ నుంచి బండి పంపారు. అవతలి గట్టున నిలబడి ఉంది." ఆయన గుమ్మం చెక్క పట్టుకున్నాడు, లోపలికి అడుగు వెయ్యలేదు. "నేనే ఇటు తిప్పా. దేనికో నాకే తెలీదు."

పడవ వెనక నీళ్ళు సన్నగా మరుగుతున్నట్టు కదులుతున్నాయి. ఆమె కళ్ళు చిట్లించి చూసింది. ఫ్యాను కాదు, ఇంజను వదిలే నీటిధార. ఇంజను ఆపలేదు. ఇంతసేపూ అది నడుస్తూనే ఉంది. చెవికి అందనంత నెమ్మదిగా, తన చేత్తో తను బిగించినట్టే.

ఆయన కూడా వెనక్కి తిరిగి దానివైపు చూశాడు. మళ్ళీ ఆమె వైపు చూశాడు. మూడేళ్ళ కిందట ఇదే గుమ్మంలో, వెళ్ళేవాళ్ళకి అడ్డం పడనని ఆమె అన్న మాట ఇద్దరికీ గుర్తుంది.

"ఇంజను ఆపెయ్యనా?" అని అడిగాడు.